మాగాణి పల్లెలలో గొఱ్ఱెల ఈత: జాతి, మంద, అదను

గొఱ్ఱె మెట్ట జీవము. ఎండను ఓర్చును, దప్పికను ఓర్చును, ముండ్లపొదలో ఆకు వెదకికొని బ్రతుకును; తడి నేలను మాత్రము ఓర్వజాలదు. ఐనను కృష్ణా గోదావరుల క్రింది మాగాణి గ్రామములందు సంఘ సభ్యులు పలువురు గొఱ్ఱెలు కొనుటకై అప్పు కోరుచున్నారు. వరి పంట యొక్కదానినే నమ్ముకొనిన కుటుంబమునకు రెండవ రాబడి కావలెననుట న్యాయమైన కోరికయే. అట్టివారు మమ్ము అడుగు ప్రశ్నలు రెండు. ఏ జాతిని కొనవలెను? ఎన్నిటిని కొనవలెను? వీనికి బదులు చెప్పుటకు ముందు మేము మూడవ ప్రశ్న నొకదానిని వేయుచుందుము. మీ గొఱ్ఱెలు ఏ నెలలో ఈనవలెను? దీనికి సమాధానము లేనివాడు జాతిని గూర్చి విచారించుట, విత్తుకాలము నెఱుగక విత్తనముల బేరమాడుట వంటిది.

గొఱ్ఱెల మందలో లాభనష్టములను నిర్ణయించునది ఈతకాలము. చచ్చిన పిల్ల యొక్కటి అప్పు వాయిదాలో ఒక భాగమును తనతో తీసికొనిపోవును. అందుచేత ఈ వ్యాసమున అదనును, జాతిని, మంద పరిమాణమును ఒకదానితో నొకటి ముడివేసి విన్నవించుచున్నాము.

పూర్వపు మందల నడక

మన డెల్టాకు గొఱ్ఱెలు క్రొత్త గావు. సార్వా కోతలు ముగిసిన పిమ్మట పలనాటి నుండియు, తెలంగాణపు మెట్టల నుండియు గొల్లలు మందలను దించుకొని వచ్చుట తరతరముల ఆచారము. రాత్రులందు రైతు తన చేనిలో మంద కట్టించుకొని, పెంటకును మూత్రమునకును ప్రతిఫలముగా ధాన్యమో రొక్కమో ఇచ్చును. పగలు మంద కోసిన చేలలోను, పుంతలలోను, కాలువకట్టలమీదను మేయును. తొలకరి మబ్బు కనబడగానే గొల్ల తన మందను మఱల మెట్టకు మరలించును.

ఈ నడకను కేవలము మేతకొఱకైనదని తలచువారు కలరు. మేత యొక కారణమే. దానితోపాటు వానలు కురిసి, చేలన్నియు నీటితో నిండియుండు నెలలలో తన గొఱ్ఱెల కాళ్ళు పొడినేలమీద ఉండునట్లు గొల్ల చూచుకొనెను. డెల్టా యిచ్చు మేతను తినిపించి, డెల్టా యిచ్చు రోగమును తప్పించుకొనెను. నేడు మాగాణి పల్లెలో సంవత్సరము పొడుగునను మందను నిలుపదలచిన సభ్యుడు ఈ సంగతిని మఱవరాదు. గొల్ల తన నడకతో చేసిన పనిని ఇతడు దొడ్డితోను, లెక్కతోను చేయవలసియున్నది.

వాననెలల శత్రువులు

మొదటిది చలి. పుట్టినప్పుడు పిల్ల దేహము ఉమ్మనీటితో తడిసియుండును. దానిపై వానయు గాలియు తగిలినచో కొలది సేపటిలోనే లోనివేడి దిగజాఱును. చల్లబడిన పిల్ల లేచి పొదుగును వెదకలేదు. పాలు త్రాగనిచో వేడి మఱల పుట్టదు. తెల్లవాఱునప్పటికి అది బిగుసుకొనియుండును. తల్లి త్రొక్కినదనియో, దిష్టి తగిలినదనియో ఇంటివారు చెప్పుకొందురు.

రెండవది గిట్టల కుళ్ళు. బురదలో నానిన గిట్టల నడిమి చర్మము మెత్తబడి చీలును. ఆ చీలికలో సూక్ష్మజీవులు చేరి చెడువాసనతో కుళ్ళు పుట్టించును. కుంటు గొఱ్ఱె మేతకు పోలేదు. చూడిగొఱ్ఱె కుంటినచో కడుపులోని పిల్లయు చిక్కిపోవును.

మూడవది పురుగులు. కార్జపు జలగకు కాలువలలోను, నిలువనీటిలోను ఉండు నత్తయే నడిమి ఇల్లు. నత్తనుండి వెలువడిన జలగపిల్ల నీటియంచున నున్న గడ్డిని పట్టుకొని, ఆ గడ్డితో గొఱ్ఱె కడుపున చేరును. ఇదిగాక కడుపులో రక్తము పీల్చు సన్నని పురుగులు తడి గడ్డిమీద విరివిగా పొదుగును. దవడక్రింద నీటివాపును, కనుఱెప్ప లోపలి ఎఱుపు పాలిపోవుటయు ఈ రోగముల గుఱుతులు.

నాలుగవది నీలినాలుక. బురదలోను తడిపేడలోను పుట్టు మిక్కిలి చిన్న దోమలు దీనిని వ్యాపింపజేయును. వానకాలపు చివరినుండి డిసెంబరు వఱకు ఇది మన ప్రాంతమున తఱుచు. జ్వరము, మూతివాపు, ముక్కుకారుట, కుంటుట దీని లక్షణములు.

వీనికి తోడు తుపాను. దివిసీమను ముంచిన ఉప్పెన 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చినది. అంతటిది అరుదే. కాని అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల నెలలని తీరవాసులకు ఒకరు చెప్పనక్కఱలేదు. అట్టి నెలలలో పిల్లలు పుట్టునట్లు మందను విడుచుట తెలిసి తెలిసి నష్టమును పిలుచుటయే.

పొట్టేలును కలుపు తేదీ

గొఱ్ఱె చూలు ఇంచుమించుగా 147 మొదలు 150 దినములు. చూలు నిలువని గొఱ్ఱె 17 దినములకొకసారి ఎదకు వచ్చును. ఈ రెండు అంకెలను గుఱుతుంచుకొనిన రైతు ఈతకాలమును తన చేతిలో పెట్టుకొనగలడు.

జూలై 20వ తేదీన పొట్టేలును మందలో కలిపి, ఆగస్టు 31వ తేదీన వేఱుచేయుడు. ఈ 42 దినములలో ప్రతి గొఱ్ఱెకును కనీసము రెండు ఎదలు వచ్చును. ఈతలు డిసెంబరు మధ్యనుండి జనవరి నెలాఖరులోగా ముగియును. అప్పటికి సార్వా కోతలు కావచ్చును, నేల ఆరును, తుపానుల వేళ దాటిపోవును. పిల్లలు మేత నేర్చు మాఘ ఫాల్గుణములందు మినుమును పెసరను నూర్చిన కట్టెయు పొట్టును ఇంట చేరును. వచ్చు తొలకరి నాటికి పిల్ల ఐదాఱు నెలలదై, వాననెలలకు ముందే అమ్మకమునకు సిద్ధపడును. వాననెలలందు దొడ్డిమీది భారము తగ్గుట దీనివలని రెండవ లాభము.

పొట్టేలును వేఱుగా కట్టుటకు చోటులేనివారు కడుపుక్రింద గోనెగుడ్డ కట్టి మందతో త్రిప్పవచ్చును. గుడ్డ జాఱిన దినమును గుఱుతుంచుకొనవలెను; ఐదు నెలలకు దాని ఫలము కనబడును.

రెండేండ్లలో మూడు ఈతలు తీయవచ్చునని కొందఱు చెప్పుదురు. మెట్టలో, మంచి మేత గలచోట అది సాధ్యమే. మన కాలమానమునకు దానిని సరిచూడుడు. జనవరిలో ఈనిన గొఱ్ఱె ఎనిమిది నెలలకు మఱల ఈనవలెనన్నచో సెప్టెంబరు వచ్చును. ఆపైని ఈత మే నెలలో వచ్చును. సెప్టెంబరు పిల్ల బురదలో పుట్టి, తుపానులో పెరుగవలెను. ఎత్తైన బద్దల నేలయు, నిలువచేసిన మేతయు లేని సభ్యునకు సంవత్సరమునకు ఒక్క ఈతయే చాలును. పుట్టిన పిల్లలను లెక్కించుటకన్న అమ్మిన పిల్లలను లెక్కించుట మేలు.

ఏ జాతి తగును?

మన తీరప్రాంతపు జాతి నెల్లూరు గొఱ్ఱె. ఇది భారతదేశపు గొఱ్ఱెలలో ఎత్తైనదని పేరుపొందినది. ఉన్ని లేదు, పొట్టివెండ్రుకలు మాత్రమే. తెల్లని దేహమున మూతి, కన్నుల వద్ద నల్లని మచ్చలు గలది జోడిపి, అంతయు తెలుపు గాని, తెలుపుపై లేత గోధుమ మచ్చలు గాని గలది పల్ల, గోధుమవన్నెది దొర. కాళ్ళు పొడవగుటచే పొదుగు బురదకు ఎడముగా నుండును. వెండ్రుక పొట్టిదగుటచే తడిసిన దేహము త్వరగా ఆరును. తఱుచుగా ఒక్క పిల్లనే ఈనును. మాగాణి పల్లెకు ఇది లోపము గాదు, గుణమే యని మా అభిప్రాయము. పాలన్నియు ఒక పిల్లకే దక్కును గనుక అది బలముగా లేచి నిలబడును.

పలనాడు, కృష్ణా తీరములందలి మాచెర్ల గొఱ్ఱెయు పొట్టివెండ్రుకల జాతియే. తెలుపుపై పెద్ద నల్లని గాని, గోధుమరంగు గాని పట్టలుండును, దేహము బరువైనది. ఎగువ డెల్టా గ్రామములకు ఇది అందుబాటులోనిది. దక్కను గొఱ్ఱె నల్లని ముతక ఉన్ని గలది, కంబళ్ళకు ప్రసిద్ధము, పీఠభూమి యెండకు తగినది. వానలో తడిసిన ఉన్ని దినమంతయు ఆరదు. డెల్టాలో నిలుపుటకు దానిని మేము సలహా యియ్యము.

ఈ మధ్య పలువురు తూర్పుదేశపు చిన్న గొఱ్ఱెలను గూర్చి వాకబు చేయుచున్నారు. పశ్చిమ బెంగాలులోని సుందరవనముల గారోలు గొఱ్ఱె తడి నేలలందే పుట్టి పెరిగినది. మోకాలిలోతు నీటిలో నిలిచి మేయును. ఒక్క ఈతలో రెండు మూడు పిల్లలను పెట్టుట దానికి సామాన్యము. ఒడిషా తీరపు కేంద్రపడ గొఱ్ఱెయు ఇట్టిదే. ఈ బహుసంతాన గుణమునకు కారణమైన జీన్‌లోని మార్పును శాస్త్రజ్ఞులు 2001లో గుర్తించిరి. పదునెనిమిదవ శతాబ్దాంతమున బెంగాలు గొఱ్ఱెలతో ఆస్ట్రేలియా చేరిన గుణమే అచ్చటి బూరూలా మెరినో మందలలో కలదని తెలిసినది. రాజస్థానములోని అవికానగరు పరిశోధన సంస్థ గారోలును మాల్పురా జాతితోను, మహారాష్ట్రలోని ఫల్టన్ నందలి నింబ్‌కర్ సంస్థ దక్కను గొఱ్ఱెతోను కలిపి సంకరములను సాధించినవి.

ఇది ఆశ కలిగించు విషయమే. కాని పెద్ద గారోలు గొఱ్ఱె 15 కిలోలకు లోపే తూగును. నెల్లూరు గొఱ్ఱె దానికి రెండింతలు. పిల్ల ఎంత చిన్నదైన అంత త్వరగా చల్లబడును. ఇద్దఱు ముగ్గురు పిల్లలను సాకుటకు తల్లికి దాణాయు, యజమానికి రాత్రి కాపలాయు హెచ్చును. ఒక్క పిల్లనే బ్రతికించుకొనుట నేర్వని దొడ్డికి కవలలు లాభము తేవు. కావున క్రొత్త సభ్యులు సమీపమున దొరకు నెల్లూరు లేక మాచెర్ల గొఱ్ఱెలతో మొదలుపెట్టుట మంచిది.

కొనునప్పుడు జాతి పేరునకన్న గొఱ్ఱె పుట్టిన చోటునకు విలువ నిండు. మాగాణి అంచున పెరిగిన గొఱ్ఱె ఎండుమెట్టనుండి లారీలో దిగిన గొఱ్ఱెకన్న మేలు. జనవరి మొదలు మార్చి లోపల కొనినచో వానలకు ముందు నాలుగైదు నెలలు అలవాటుపడును. రెండు లేక నాలుగు పండ్లు వేసినవానిని ఏఱుకొనుడు. నాలుగు గిట్టలను ఎత్తి వాసన చూడుడు. కనుఱెప్పను తిరుగదీసి ఎఱుపు చూడుడు. పొదుగును రెండుచేతుల తడిమి గడ్డలు లేవని తెలిసికొనుడు. తెచ్చిన గొఱ్ఱెలను మూడు వారములు వేఱుగా నుంచి, పిమ్మట మందలో కలుపుడు.

మంద యెంత?

2017లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పెంపకందార్ల సంఘముల సభ్యులకు 20 ఆడగొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ఆరంభించినది. నాటినుండి "ఇరువదియొకటి" యను సంఖ్య జనుల నోట నిలిచినది. ఒక పొట్టేలు 20 మొదలు 25 ఆడగొఱ్ఱెలకు చాలునను లెక్కకు అది సరిపోవును. అది పొట్టేలి శక్తికి కొలత. మీ దొడ్డికి కొలత గాదు. మాగాణి రైతు తన మందను మూడు కొలతలతో చూచుకొని, వానిలో ఏది తక్కువయో దానినే ఖాయము చేసికొనవలెను.

మొదటి కొలత పొడినేల. మామూలు దినములలో ఆడగొఱ్ఱెకు 10 చదరపు టడుగులు చాలును. ఈనిన తల్లికిని పిల్లకును కలిపి 16 చదరపు టడుగులు కావలెను. ఒక సభ్యునకు 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గల పాక కలదనుకొందము. అది 320 చదరపు టడుగులు. పొట్టేలునకును, రోగపు గొఱ్ఱెకును 60 అడుగులు తీసివేయగా 260 మిగులును. దానిని 16 చేత భాగించిన 16 గొఱ్ఱెలు వచ్చును. పాకను నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున, తాటి లేక వెదురు బద్దలతో వేసినచో పెంటయు మూత్రమును క్రిందికి జాఱి పడక పొడిగా నుండును. బద్దల నడుమ సందు వ్రేలిమందమునకు మించరాదు. మించినచో పిల్ల కాలు ఇఱుకుకొనును.

రెండవ కొలత వాననెలల మేత. ఫాల్గుణములో ఊరంతయు మేతయే. నాడు 50 గొఱ్ఱెలైనను కడుపునిండ మేయును. లెక్క వేయవలసినది ఊడ్పులు మొదలు కోతలవఱకు, చేలన్నియు మూతపడియున్న 140 దినములకు. ఒక గొఱ్ఱెకు దినమునకు 4 కిలోల పచ్చిమేత కావలెను. 16 ఆడగొఱ్ఱెలకును పొట్టేలునకును దినమునకు 68 కిలోలు. సగము గట్లమీదను మెరకలమీదను దొరకునని తీసివేసినను 34 కిలోలు మీరు కోసి వేయవలెను. 140 దినములకు 4,760 కిలోలు. ఎకరమునకు ఏడాదికి 80 టన్నులిచ్చు నేపియరు గడ్డి వేసినచో ఇందులకు ఇంచుమించు 16 సెంట్ల మెరకభూమి పట్టును. నీరు నిలుచుచోట నేపియరు నిలువదు. గట్లపై అవిశను, దొడ్డి చుట్టును సుబాబులును పెంచినవారికి ఈ భారము కొంత తగ్గును. సుబాబులు ఆకును మాత్రము మొత్తము మేతలో మూడవవంతుకు మించనీయరాదు.

మూడవ కొలత మనుష్యుల చేతులు. ఈతకాలమున రాత్రి రెండుమార్లు లాంతరుతోనో టార్చితోనో దొడ్డి చూడగల మనిషి ఇంట నుండవలెను. కోతలకు కూలికి పోవు ఇంట ఇది చిన్న విషయము గాదు.

ఇప్పుడొక పోలిక. ఒకడు అదే పాకలో 40 గొఱ్ఱెలను క్రిక్కిఱియ నింపెననుకొందము. 34 ఈని, తడియు త్రొక్కిడియు వలన సగము పిల్లలు చచ్చి 17 మిగిలినవి. తల్లులలో ఆఱు పోయినవి. వానిని మఱల కొనవలెను. ఇంకొకడు 16 మాత్రమే యుంచెను, 15 ఈని 14 పిల్లలు నిలిచినవి, తల్లులన్నియు క్షేమము. ఇది మేము కల్పించిన లెక్కయే. కాని మొదటివాడు రెండున్నర రెట్లు అప్పుచేసి, రెండవవానికన్న వెనుకబడు మార్గ మెట్టిదో దీనివలన తెలియును.

చూలు నెలలు, ఈతవేళ

పిల్ల బరువులో అధికభాగము చూలు కడపటి ఆఱు వారములలోనే పెరుగును. మన తేదీల ప్రకారము అవి నవంబరు, డిసెంబరులు. తడియు మేత కఱవును కలిసిన వేళ. అప్పుడు గొఱ్ఱెకు దినమునకు 200 మొదలు 300 గ్రాముల దాణా పెట్టుడు. మంచు ఆరిన పిమ్మటనే మేతకు విడువుడు. కాలువయంచు గడ్డిని మేపకుడు. పురుగుమందులను వానలకు ముందొకసారియు, వానలు వెనుదీసిన పిమ్మట మఱొకసారియు పశువైద్యుని సలహాపై త్రాగింపుడు. ఆల్బెండజోలును చూలు తొలినెలలో ఇయ్యరాదు.

గిట్టలకు, 10 లీటర్ల నీటిలో ఒక కిలో జింకు సల్ఫేటు కరగించి, పళ్ళెములో పోసి, గొఱ్ఱెలను పది నిమిషములు అందు నిలుపుడు. వరికి వేయు ఈ మందు మీ యింట నుండునదే. మైలుతుత్తమును గొఱ్ఱె త్రాగినచో విషమగును గనుక జింకే క్షేమము.

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడిచి, పొడి గోనెతో దేహమును గట్టిగా రుద్దుడు, తల్లిని నాకనిండు. బొడ్డును టింక్చరు అయొడినులో ముంచుడు. మొదటి గంటలోనే ముఱ్ఱుపాలు త్రాగింపుడు. మూడు కిలోల పిల్లకు తొలిదినమున 300 మిల్లీలీటర్లు కావలెను. ముఱ్ఱుపాలను పాఱబోయు అలవాటు ఎచ్చటనైన నున్నచో మానవలెను; రోగమును ఎదుర్కొను శక్తి పిల్లకు వానివలననే చేరును. వ్రేలిని పిల్ల నోటబెట్టి చూడుడు. నోరు చల్లగా నున్నచో ముందు వెచ్చజేసి, పిమ్మట పాలు పట్టుడు.

సంఘము చేయదగిన పనులు

ఒక్క రైతు చేయలేనిదానిని సంఘము చేయగలదు. మంచి పొట్టేలును ఇద్దఱు ముగ్గురు సభ్యులు కలిసి కొని, తేదీల ప్రకారము పంచుకొనవచ్చును. రెండేండ్లకొకసారి దానిని ఇంకొక గ్రామపు సంఘముతో మార్చుకొనినచో స్వరక్తము కలియదు. పాఱుడు రోగము, చిటుకరోగము, నీలినాలుక టీకాలను గ్రామమున కంతటికిని ఒకే దినమున, వానలకు ముందు వేయించిన రోగమునకు సందు దొరకదు. మినుపకట్టెను కోతలవేళ కొని సంఘపు గిడ్డంగిలో నిలువచేసినచో వాననెలలందు సభ్యులకు సరసముగా దొరకును.

అప్పు విషయమున మేము సంఘ పాలకులకు ఒక మనవి చేయుచున్నాము. దరఖాస్తుపై గొఱ్ఱెల సంఖ్య వ్రాయుటకు ముందు పాక పొడవు వెడల్పులను, మేతభూమి సెంట్లను, ఈనవలసిన నెలను వ్రాయింపుడు. మూడింటిలో తక్కువ వచ్చిన సంఖ్యకే అప్పు మంజూరు చేయుడు. వాయిదాను జూన్‌లో, పిల్లల అమ్మకమైన పిమ్మట పెట్టుడు. ఇట్లు చేసినచో సభ్యుని అప్పు తీరును, సంఘపు సొమ్ము తిరిగివచ్చును, మాగాణి పల్లెలో మంద నిలుచును. తొలి సంవత్సరము 10 గొఱ్ఱెలతో మొదలుపెట్టిన సభ్యుడు, ఒక వానకాలము గడచిన పిమ్మట తన దొడ్డికి తగిన సంఖ్యను తానే చెప్పగలడు.